దుండగులకు మా ఆవిడ గొంతు

ఆ శుక్రవారం భోజనాలయ్యాక, టీవీ పక్కన నేనెప్పుడూ కూర్చునే కుర్చీలోంచి నన్ను లేపి, అందులో మా ఆవిడను కూర్చోబెట్టారు.

లేపినవాడు ఆ ఇంటాయనే. కరీంనగర్ వైపు మనిషి. సౌదీలో రాస్ తనూరా రిఫైనరీ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో పైపింగ్ ఇంజినీరు. నన్ను నోరారా అన్నా అని పిలిచేవాడు. "అన్నా, జర గిట్ల సోఫాల కూసో. ఇగ వదినె చెప్తది" అన్నాడు. ఆ గొంతులో నన్ను చిన్నబుచ్చాలన్న ఆలోచన ఏ మూలా లేదు. ఎండ పడుతోంది, ఇటు జరుగు అన్నంత మామూలుగా అన్నాడు. అందుకే ఇంకా మండింది.

టీవీలో పాత బ్రిటిష్ సీరియల్ ఒకటి నడుస్తోంది. గ్యాంగ్‌స్టర్ల కథ. తెర మీద ఒక లావుపాటి మనిషి ఇనప్పెట్టెలోంచి పాస్‌పోర్టుల కట్ట తీసి, ఎదురుగా నిలబడ్డ మనదేశపు పనివాళ్లకు ఆడించి చూపించి, మళ్లీ లోపల పడేసి తాళం వేశాడు. వాడెవడని ఎవరో అడిగారు. ఆ సీరియల్‌ని మావాళ్లందరికీ తెలుగులో చెప్పే పని నాది. గొంతు సవరించుకుని చెప్పాను.

"విదేశాల నుంచి కార్మికులను అక్రమంగా రప్పించి, ఆశ్రయం కల్పించే నెపంతో వారి ప్రయాణ పత్రాలను తన అధీనంలో ఉంచుకునే వ్యక్తి ఇతను."

ఒకాయన ఆవలించాడు. వంటింటి గుమ్మం దగ్గర పళ్లేలు తుడుస్తున్న మా ఆవిడ, తల కూడా ఎత్తకుండా, "కఫీల్" అంది.

గదంతా గొల్లుమంది. ఇక విప్పి చెప్పాల్సింది ఏమీ లేదు. తనను వీసా మీద రప్పించుకుని, పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకున్న యజమాని అంటే ఏమిటో ఆ గదిలో తెలియనివాడు లేడు. ఇంగ్లండులో వానలో తడుస్తున్న ఆ పనివాళ్లు ఒక్క మాటతో మా పక్క లేబర్ క్యాంపులో వాళ్లయిపోయారు. తర్వాత దృశ్యంలో ఆ లావుపాటివాడు ఏదో అరిచాడు. అందరూ నా వైపు కాక వంటింటి వైపు చూశారు. అప్పుడే నన్ను జరగమన్నారు.

నేను ఊళ్లో ఉండగా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. ఏజెన్సీల ఇంగ్లీషు వార్త వచ్చేది, దాన్ని తెలుగు చేసి, శీర్షిక పెట్టి, పేజీ అచ్చుకు వెళ్లే లోపు దింపడం మా పని. అందులో నాకు మంచి పేరుండేది. తర్వాత రాస్ తనూరాలో ఇంకో కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగం దొరికింది. భద్రతా సూచనల పత్రికలూ నివేదికలూ సరిచూసే పని. హెల్మెట్ పెట్టుకోండి, నిచ్చెన కింద నిలబడకండి, ఇవే మాటలు వారం వారం కొత్తగా రాయాలి. జీతం బాగుండేది.

మా ఆవిడ ఖజానా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. మాకు పిల్లలు లేరు. ఆమె జీతం లేని దీర్ఘకాలిక సెలవు పెట్టి నా దగ్గరకు వచ్చింది. ఆ సెలవుకు ఒక గడువుంది. అది ముగిసేలోగా వెళ్లి ఉద్యోగంలో చేరాలి, లేదా రాజీనామా రాసిచ్చి ఇక్కడే నాతో ఉండిపోవాలి. నేను ఉండిపొమ్మన్నాను. ఒకసారి కాదు, సందు దొరికినప్పుడల్లా అన్నాను. ఆమె ప్రతిసారీ "చూద్దాం లెండి" అనేది. ఖజానాలో కొన్ని బిల్లులుంటాయట. వాటి మీద అభ్యంతరం రాయరు, పాస్ చేయరు. సొరుగులో పడి ఉంటాయి. ఆమె 'చూద్దాం' ఆ సొరుగులాంటిది.

రిఫైనరీ పక్క ఊరు రహీమాలో మా ఫ్లాట్‌కి కిటికీలు చిన్నవి. పొద్దున్నే నేను బస్సెక్కితే సాయంత్రానికి వచ్చేవాణ్ణి. మధ్యలో ఆమెకు వంట, ఇస్త్రీ, నిద్ర. మళ్లీ వంట. ఊళ్లో వందమందికి సమాధానం చెప్పిన మనిషి, ఇక్కడ గ్యాస్ సిలిండరు వాడితో తప్ప మాట్లాడేది కాదు. బజారుకు వెళ్లాలన్నా నేనే కారు తీయాలి. ఒకరోజు గోడకేసి చూస్తూ, "ఇక్కడ నాకు గొంతు తుప్పు పడుతోందండీ" అంది. ఎక్కువ రోజులు ఉండదని అప్పుడే అనుకున్నాను.

మా ఆఫీసులో ఒక ముసలి బ్రిటిష్ వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. ఉద్యోగం చాలించుకుని, ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోతూ సామాను పంచిపెట్టాడు. ఒకరికి సైకిలు, ఒకరికి పూలకుండీలు. నాకు ఒక అట్టపెట్టె నిండా వీడియో టేపులు ఇచ్చాడు. ఎప్పుడో తన ఇంట్లో టీవీ నుంచి రికార్డు చేసుకున్నవి. డెబ్బైల్లో వచ్చిన సీరియల్ అట. అది వచ్చిన రోజుల్లో అక్కడి పత్రికలు రెండుగా చీలిపోయాయని చెప్పాడు. ఇంత నెత్తురు ఇళ్లల్లోకి పంపుతారా అని కొందరు, వలస వచ్చినవాళ్లందరినీ దొంగలుగా చూపిస్తారా అని కొందరు, మా ఊరి పరువు తీశారని ఆ ఊరివాళ్లు. ఆపెయ్యమని ఉత్తరాలు, ఆపొద్దని ఉత్తరాలు. "ఆ గొడవ మాకు సీరియల్ కంటే బాగుండేది" అన్నాడు. పత్రికలవాణ్ణి కదా, గొడవ అనగానే నాకు నోరూరింది. పైగా మా ఆవిడకు పగలు కాలక్షేపం అవుతుందనిపించింది.

ఇంటికి తెస్తే ఆమె మొదటి టేపు కాసేపు చూసి, "కొట్టుకోవడం, కోట్లు తొడుక్కోవడం. ఎవరు చూస్తారండీ?" అని లేచిపోయింది.

అందుకని పెట్టె శుక్రవారాల ఇంటికి తీసుకెళ్లాను. కరీంనగర్ తమ్ముడి ఇల్లు పెద్దది. అతని భార్య ఆసుపత్రిలో నర్సు, చేపల పులుసు బాగా చేస్తుంది. శుక్రవారం నమాజు వేళ దాటాక నాలుగైదు తెలుగు కుటుంబాలు అక్కడ చేరేవి. కడప నుంచి వచ్చిన ఒకాయన కూడా వచ్చేవాడు. రహీమా బజార్లో మొబైల్ ఫోన్ల దుకాణం, కుటుంబం ఊళ్లో ఉంది. అతను మసీదు నుంచి నేరుగా వచ్చి, సోఫాలు ఖాళీగా ఉన్నా చాప మీదే కూర్చునేవాడు. అక్కడ ఇంగ్లీషు రానివాళ్లు ఎవరూ లేరు. కానీ ఆ సీరియల్లోని ఇంగ్లీషు వేరు. ముక్కుతో, గొంతుతో, సగం మింగేసి మాట్లాడతారు. ఒకరికీ అర్థమయ్యేది కాదు. నేను వింటూ, ఆపుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. క్రమంగా అదే పద్ధతైపోయింది. సౌండు బాగా తగ్గించాలి, నేను టీవీ పక్కన కుర్చీ వేసుకోవాలి, అందరూ బొమ్మ చూస్తూ నా మాట వినాలి.

నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. నిచ్చెన కింద నిలబడకండి అని రాసుకునేవాడి మాట కోసం గదంతా ఎదురుచూడటం. అయితే నా తెలుగు డెస్కు తెలుగు. నోరు తెరిస్తే అదే వచ్చేది.

"గుర్తు తెలియని దుండగులు కారులో వచ్చి కాల్పులు జరిపి పరారయ్యారు" అన్నాను ఒకసారి.

"అన్నా, గుర్తు తెల్వనోళ్లు ఎట్లయితరే?" అన్నాడు ఇంటాయన. "పోయిన వారం గూడ గా టోపీవోడే గద వచ్చింది!"

"ఘటనా స్థలంలోనే మృతి చెందినట్లు తెలుస్తోంది" అన్నాను ఇంకోసారి.

"తెలుస్తోంది ఏందన్నా, కండ్ల ముందర సచ్చి పడుండాడు గదా!" అన్నాడు కడపాయన.

నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వులు నావే అనుకున్నాను.

కుర్చీ పోయాక మొదటి రెండు వారాలు, ఇది నాలుగు రోజుల ముచ్చట అని సరిపెట్టుకున్నాను. ఆమె ఇంగ్లీషు నా అంతది కాదు. నిజానికి చాలా మాటలు ఆమెకు అందేవి కావు. కానీ ఇప్పుడు ఆమె పగలు ఆ టేపులు చూడటం మొదలుపెట్టింది. మొదట సౌండుతో, తర్వాత సౌండు పూర్తిగా తీసేసి. వాళ్ల మొహాలు చూసి, వీడు అబద్ధమాడుతున్నాడు, వీడికి అప్పటికే భయం పట్టుకుంది, అని తేల్చుకునేది. ఒక మధ్యాహ్నం ఒంట్లో బాగోలేక పెందలాడే ఇంటికొస్తే, వంటింట్లో కుక్కరు ముందు నిలబడి ఎవరినో బెదిరిస్తోంది. "నీకిచ్చిన మాట నాకు గుర్తుంది. నువ్వు నాకిచ్చింది నీకు గుర్తుందా?" నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మా కాపురంలో అంత పౌరుషంగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నన్ను చూసి, "ఏమైందండీ, జ్వరమా?" అని మామూలు గొంతులోకి వచ్చేసింది.

ఆమె చేసిన ఇంకో పని, ఒక్కొక్కడికీ ఒక్కో ప్రాంతపు మాట పెట్టడం. ఖజానాకు జిల్లా నలుమూలల నుంచీ, బదిలీల మీద ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవారు. అన్ని యాసలూ చెవిలో ఉన్నాయి. ముఠా పెద్దకు తెలంగాణ మాట ఇచ్చింది. పోలీసుకు నెల్లూరు. టోపీ పెట్టుకుని అందరినీ కాల్చి చంపేవాడికి సీమ మాట.

చాప మీంచి కడపాయన లేచి నిలబడ్డాడు.

"ఏందక్కా ఇది? చంపేవాడు కనపడితే సాలు, మా సీమ మాటేనా? సినిమాలోళ్లూ అంతే, నువ్వూ అంతేనా?"

"తప్పేనయ్యా" అంది ఆమె వెంటనే. "వచ్చే వారం మారుస్తాను."

"ఎవురి మాట పెడ్తావు?"

"చూద్దాం."

ఆ ఇంగ్లీషు పత్రికల్లో జరిగిన గొడవంతా మా చాప మీద ఒక్క నిమిషంలో జరిగి, ఒక్క నిమిషంలో తీరిపోయింది. నేను అప్పటికే నా దగ్గరున్న సమాచారం చెప్పబోయాను. వలసవాళ్లను కించపరిచారని ఆ రోజుల్లో విమర్శలొచ్చాయి అంటూ మొదలుపెట్టాను. "అన్నా, చాయ్ తాగు" అన్నాడు ఇంటాయన.

మరుసటి శుక్రవారం టోపీవాడు గోదావరి జిల్లా మనిషై వచ్చాడు. పిస్తోలు తీసి, ఎంతో మన్ననగా, "అయ్యా, తమరు కాస్త అలా గోడ వేపు తిరుగుతారాండీ? మొహం చూత్తా కాల్చాలంటే నాకు మొహమాటమండీ" అన్నాడు.

కడపాయన చాప మీద దొర్లి దొర్లి నవ్వాడు. నర్సమ్మ పులుసు గరిటె పట్టుకునే బయటికొచ్చింది. రాజమండ్రి నుంచి వచ్చిన అకౌంటెంటు ఒకాయన మాత్రం, "అంటే మా వాళ్లు చంపేటప్పుడు కూడా మర్యాద తప్పరన్నమాట" అని గర్వపడ్డాడు. నేనూ నవ్వాను, ఆపుకోలేక. నవ్వుతూనే లోపల కాలిపోయాను. ఆ వాక్యం నాకెందుకు రాలేదు? తెలుగులో రాసి బతికినవాణ్ణి నేను. ఆమె రాసిందల్లా బిల్లుల మీద రెండు ముక్కలు.

డెస్కులో కడుపుమంట నాకు కొత్త కాదు. మనం పెట్టిన శీర్షిక మార్చి పక్కవాడిది వేసిన రోజున అన్నం సహించేది కాదు. కానీ అక్కడ ఆ పక్కవాడు రాత్రి డ్యూటీ అయ్యాక వాళ్లింటికి పోతాడు. ఇక్కడ పక్కవాడు నా చొక్కాలు ఉతుకుతుంది, నేను తినే పప్పులో తాలింపు వేస్తుంది. నిద్రలో నా వైపు తిరిగి పడుకుంటుంది. అసూయ పడటానికి కూడా చాటు లేదు.

చిన్నచిన్నవి కూడా కుట్టేవి. చేప తలకాయ ఇప్పుడు ఆమె పళ్లెంలోకి వెళ్లేది. టీ మొదట ఆమెకి. బజార్లో ఎవరో తెలియనాయన తన భార్యకు నన్ను చూపిస్తూ, "కథలు చెప్పే మేడమ్ లేదూ, ఆమెగారి హస్బెండు" అన్నాడు. ఒక వారం ఆమెకు జ్వరమొస్తే కుర్చీ మళ్లీ నాకిచ్చారు. ముందురోజు నుంచి బస్సులో నోట్లోనే తయారయ్యాను. గోదావరి మాట కూడా ప్రయత్నించాను. అందరూ బుద్ధిగా విన్నారు. అయిపోయాక కడపాయన నా భుజం తట్టి, "బాగ చెప్పినావన్నా. పేపరు సదివినట్టే ఉండాది" అన్నాడు. మెచ్చుకోలే అది.

ఇంతలో ఆమె సెలవు గడువు దగ్గరపడుతోంది. ఇప్పుడు నేను అడిగితే, "పెట్టె అవనివ్వండి" అనడం మొదలుపెట్టింది. 'చూద్దాం' కంటే అది నయం. కనీసం ఒక హద్దు ఉంది. కానీ దాని అర్థం నాకు బాగానే తెలిసింది. ఆమె వెళ్లకూడదు, అది నాకు కావాలి. ఆమెను వెళ్లనివ్వకుండా పట్టుకున్నది నేను కాదు, ఆ అట్టపెట్టె. నేను అన్ని నెలలు బతిమాలినా కాని పని, ముసలి ఇన్‌స్పెక్టరు వదిలేసిపోయిన దుండగులు చేస్తున్నారు. వాళ్ల పట్ల కృతజ్ఞత చూపాలి. నాకు ఒక్కొక్కడినీ పీక పిసకాలనిపించేది.

ఆ కథలో ముఠా పెద్దకు ఒక భార్య ఉంది. అసలు సీరియల్లో ఆమెకు మాటలు దాదాపు లేవు. కిటికీ దగ్గర నిలబడుతుంది, టీ పోస్తుంది, తలుపు తీస్తుంది. మా ఆవిడ చేతిలో పడ్డాక ఆమె ఊరుకోలేదు. కిటికీ లోంచి వాన చూస్తూ ఉన్న దృశ్యం ఒకటి. తెర మీద పెదవి కదలదు. మా ఆవిడ మెల్లగా చెప్పింది:

"ఏ ఊరు తెచ్చి పెట్టావయ్యా నన్ను. పొద్దున్నే నువ్వు పోతావు. నీ పని నువ్వు చెప్పవు, నా పని నువ్వడగవు. నీ కోటు ఆరేయడానికా నేను సముద్రం దాటింది?"

ఆడవాళ్లు కొంతమంది కళ్లు తుడుచుకున్నారు. మగవాళ్లు, "ఇగ గిది ఇండ్లల్ల లొల్లి పెట్టే సీరియల్" అని నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాటలు ఆ భార్యవా, ఈవిడవా? నా ముఖం చూసి చెప్పిందా? ఆమె టీవీనే చూస్తోంది.

తిరిగొస్తూ కారులో అడిగాను. "ఆ మాట టేపులో ఎక్కడుంది?"

"ఏ మాట?"

"సముద్రం దాటడం. ఆవిడ ఆ ఊరి మనిషే. ఏ సముద్రమూ దాటలేదు."

"అవునా? అయితే పొరపాటు పడ్డానేమో" అంది.

ఆమె సంగతి దమ్మాం దాకా పాకింది. అక్కడి తెలుగువాళ్లు తమ ఇంట్లో కూడా మొదటి టేపు నుంచి చెప్పించుకోవాలన్నారు. తర్వాత జుబైల్ వాళ్లు కబురు పెట్టారు. ఆమె కారు నడపడానికి ఆ దేశంలో వీల్లేదు కనుక, ఆమె కథ చెప్పే ప్రతి ఇంటికీ నేనే డ్రైవర్ని. గురువారాలు ఒక ఇల్లు, శుక్రవారాలు ఇంకో ఇల్లు. నా పెట్రోలుతో, నా రెండు సెలవు రోజులూ, నాకు రాని పేరు మోసుకుని తిరిగాను.

ఒక గురువారం దమ్మాం దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఆపాడు. నా నివాస కార్డు, ఇకామా, చూశాడు, బాగానే ఉంది. వెనక సీట్లో పెట్టె చూసి మూత తెరిచాడు. ఒక టేపు తీసి, దాని మీద ఇన్‌స్పెక్టరు కోడిగీతలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎయిష్ హాదా?" ఏమిటిది అని. లోపల ఉన్నవి తాగుడు, నైట్‌క్లబ్బులు, పిస్తోళ్లు. వేసి చూస్తే నేరుగా జైలుకే. అతనే, "కురా?" అన్నాడు. ఫుట్‌బాలా అని. నేను వెంటనే, "ఐవా, కురా! బ్రెజిల్!" అన్నాను. అతని మొహం విచ్చుకుంది. టేపు జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, బ్రెజిల్ గురించి ఏదో సంతోషంగా చెప్పి వెళ్లమన్నాడు.

కొంత దూరం పోయాక ఆమె పైన తొడుక్కున్న నల్ల అబాయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "బ్రెజిలా! ఎక్కడి నుంచి వచ్చిందండీ మీకు? మీకూ కల్పించడం వచ్చే!"

దమ్మాం వచ్చేదాకా నా అంతవాడు లేడు. ఆ ఇంట్లో చెప్పులు విప్పుతూనే ఆ సంగతి అందరికీ చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే ఆమె మొదలుపెట్టేసింది. పోలీసు గొంతు, నా గొంతు, మధ్యలో నా గుటక, అన్నీ వేసి చెప్పింది. ఇల్లు కూలిపోయేలా నవ్వారు. నా అబద్ధాన్ని కూడా నాకంటే బాగా చెప్పింది.

చివరి టేపు మొదట కరీంనగర్ తమ్ముడి ఇంట్లోనే వేశారు. అందులో ముఠా పెద్ద భార్య పెట్టె సర్దుకుని రైల్వే స్టేషనుకు వస్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. పైన వంతెన మీదుగా భర్త పరుగెత్తి వస్తుంటాడు. దూరంగా రైలు వినిపిస్తుంది. అంతే, తెరంతా చుక్కలు. ఇన్‌స్పెక్టరు పెట్టిన రికార్డింగు సమయం అక్కడితో అయిపోయింది. ఆయన చిరునామా నా దగ్గర లేదు.

"అయిపాయె! గిదేందన్నా, గిట్ల మోసం జేసిండు ముసలోడు!" అన్నాడు ఇంటాయన.

మా ఆవిడ కదల్లేదు. గరగరమంటున్న ఆ చుక్కల వైపు చూస్తూ చెప్పుకుంటూ పోయింది. తెర మీద బొమ్మ లేదన్న సంగతి కాసేపటికి ఎవరికీ గుర్తులేదు. రైలు వచ్చింది. భార్య ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. భర్త వంతెన మెట్లు దిగి ప్లాట్‌ఫారం మీదకు వచ్చేసరికి రైలు కదిలింది. ఆమె వెనక్కి చూడలేదు.

నర్సమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. గడువుకు ముందే జవాబు చెప్పేసిందనుకున్నాను. దారిలో ఏమీ అడగలేదు. ఇంటికొచ్చాక ఆమె మామూలుగా పెరుగు తోడుపెట్టి, పొద్దున్న ఇడ్లీకి పప్పు నానబోసింది.

దమ్మాంలో చివరి టేపు వేసిన రోజు నేను వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాను. చుక్కలు వచ్చాయి. ఆమె చెప్పింది. రైలు వచ్చింది, భార్య ఎక్కలేదు. భర్త రొప్పుకుంటూ వచ్చి పెట్టె అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. "నా పెట్టె నేను మోసుకోగలను, పద" అని ముందు నడిచింది. దమ్మాం వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు ఊపిరి వచ్చింది.

జుబైల్లో రైలు రాలేదు. ఏదో అడ్డం పడి ఆలస్యమవుతోందట. భార్యాభర్తలిద్దరూ బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. టోపీవాడు వచ్చి, "ఎంతసేపని అలా కూకుంటారండీ, టీ తాగండీ" అని చెరో గ్లాసు ఇచ్చాడు. అంతటితో ఆపేసింది. జుబైల్ వాళ్లు నవ్వి నవ్వి, తర్వాతేమైందని అడిగారు. "టేపు అంతవరకే ఉంది" అంది.

ఆ సాయంత్రం తిరుగు దారిలో అడిగేశాను.

"ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెప్పావు. ఏది నిజం?"

"టేపు తెగిపోయింది కదండీ. నాకెలా తెలుస్తుంది?"

"నీ మనసులో ఏదుంది?"

"మీరు పత్రికలో ఇలాగే అడిగేవారా? ఎదుటివాళ్లు చెప్పేసేవారా?"

"చెప్పకపోతే 'వ్యాఖ్యానించేందుకు నిరాకరించారు' అని రాసేవాళ్లం."

"అలాగే రాసుకోండి."

ఇక ఆగలేకపోయాను. "అది కాదు. ఉంటావా, వెళ్తావా? ఉంటే, ఆ పెట్టె కోసమా, నా కోసమా?"

ఆమె నా వైపు తిరిగింది. చెబుతుందనే అనుకున్నాను. "ముందు రోడ్డు చూడండి, ఒంటెలు దాటుతున్నాయి" అంది. నిజంగానే దాటుతున్నాయి. పెద్దవి, పిల్లలు, తీరుబడిగా. అవన్నీ దాటేదాకా ఆగాం. ఈలోగా ఆమె సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత ఖోబర్ నుంచి ఎవరో పిలిచారు. మళ్లీ మొదటి టేపు నుంచి మొదలు. సెలవు గడువు ఇంకా కొద్దిగా మిగిలుండగానే, మా కంపెనీకి ఆ పని కాంట్రాక్టు పోయింది. మాలాంటి ఆఫీసువాళ్లందరికీ ఎగ్జిట్ కొట్టేశారు. ఖోబర్లో కథ సగంలో ఆగిపోయింది. పెట్టె కడపాయన తీసుకున్నాడు. మేమిద్దరం ఒకే విమానంలో వచ్చేశాం. ఆమె ఖజానాలో చేరింది, నేను ఇంకో పత్రికలో చేరాను. ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం.

ఆ సీరియల్ ఇప్పుడు డిస్కుల మీద దొరుకుతుందట, ఆఖరి భాగంతో సహా. తెప్పిస్తే స్టేషనులో ఏం జరిగిందో తెలిసిపోతుంది. దాని మీద నాకంత ఆసక్తి లేదు. కంపెనీ మమ్మల్ని పంపించేయకపోతే ఆమె ఉండేదా, వచ్చేసేదా, ఉంటే ఎవరి కోసం ఉండేది అన్నది మాత్రం తేలలేదు. మొన్న కూడా అడిగాను. ఇంకా చెప్పలేదు.